గ్రిల్ మీద చెయ్యి వేసిందెవరు?

స్వర్ణలత లైటర్ బటన్ నొక్కింది. టిక్కుమనలేదు.

మళ్లీ నొక్కింది, ఈసారి బొటనవేలు తెల్లబడేదాకా. అయినా చప్పుడు లేదు.

నిన్న సాయంత్రం ఇదే గ్రిల్ ఇదే నాపరాళ్ల చప్టా మీద ఒక్క నొక్కుకే భగ్గుమంది. మూడు బర్నర్ల మీద మూడు వరసల నీలం మంట, పెళ్లిపందిట్లో సీరియల్ బల్బుల్లా వెలిగింది. చూసిన మాల్యాద్రి ఈల వేశాడు. ఇవాళ అదే గ్రిల్ మూగనోము పట్టింది. పలకాల్సిందేమో ఇవాళే.

టైము ఒకటిన్నర. ఐదింటికి వినయ్ కుమార్ వస్తాడు.

వినయ్ కుమార్‌కు గిద్దలూరు బయట, నంద్యాల దారిలో, బస్సులు ఆగే హోటల్ ఉంది. హోటల్ ముందు కాల్చిన మాంసం కౌంటర్ ఒకటి పెట్టించాలని అతని ఆలోచన. చోటు ఒక్కటే ఉంది. అడిగినవాళ్లు ఇద్దరు. గిద్దలూరు బస్టాండ్ దగ్గర బొగ్గుల మీద కబాబ్‌లు కాల్చే సుబ్బన్న ఒకడు, స్వర్ణలత రెండో మనిషి. సుబ్బన్న కబాబ్‌లు నిన్ననే తిని చూశాడు వినయ్ కుమార్. ఇవాళ ఈమె వంతు.

"ఇంటికే వస్తా చెల్లెమ్మా. నా ముందర కాల్చి పెట్టు. తిన్నాక అక్కడే తేల్చేస్తా" అని ఫోన్‌లో చెప్పాడు.

తేలాల్సింది వట్టి కౌంటర్ సంగతి కాదు. మాల్యాద్రిది గొర్రెల మంద. కొమరోలు చుట్టుపక్కల మేత ఎండిపోగానే ఏటా మందను తోలుకుని కృష్ణా డెల్టా దాకా నడిచి వెళ్తాడు. మళ్లీ తొలకరికి గాని ఇల్లు చూడడు. పెళ్లయింది మొదలు ఒక్క ఎండాకాలం కూడా మొగుడూ పెళ్లాలు ఒకే కప్పు కింద లేరు. ఈ ఏటి ప్రయాణం వచ్చే వారమే. కౌంటర్ దొరికితే పొట్టేళ్లు సంతలో దళారులకు కాకుండా సొంత గ్రిల్ మీదికి వస్తాయి. అప్పుడు మాల్యాద్రి ఇంట్లోనే ఉంటాడు. దొరక్కపోతే వచ్చే వారం కర్ర భుజాన వేసుకుని బయల్దేరతాడు.

అందుకే మార్కాపురంలో మూతపడిన ఒక ఫంక్షన్ హాల్ నుంచి ఈ గ్రిల్‌ను ఏరికోరి కొనుక్కొచ్చింది స్వర్ణలత. గిద్దలూరులో ఒక హాస్టల్‌కు నాలుగేళ్లు వంట చేసిన మనిషి. పెద్ద పెద్ద గ్యాస్ పొయ్యిలతో వేగింది. మంటంటే భయం లేదు. భయమల్లా మంట రాకపోతేనే.

"ఒక్క తన్ను తంతే పలుకుద్దేమో" అన్నాడు మాల్యాద్రి.

"గొర్రె కాదయ్యా అది, తంతే కదిలేదానికి. కొత్త సెల్లు తే."

సెల్లు మార్చింది. బటన్ నొక్కింది. లాభం లేదు. సరే, అగ్గిపుల్లతోనే అనుకుంది. గ్రిల్ మూత పూర్తిగా ఎత్తి పెట్టింది. మూత మూసి వెలిగిస్తే లోపల నిండిన గ్యాస్ ఒక్కసారిగా మొహం మీదికి వస్తుందని హాస్టల్‌లో మెకానిక్ చెప్పిన మాట ఎప్పుడూ మరవదు. పొడుగాటి పుల్ల అంటించి మొదటి నాబ్ తిప్పింది.

మంట వచ్చింది. కానీ అదేం మంట! ఈ చివర నాలుగు బొక్కల్లో పచ్చగా రెపరెపలాడింది. మధ్యలో జానెడు మేర ఏమీ లేదు. ఆ చివర మళ్లీ రెండు నాలుకలు. రెండో బర్నర్ ఇంకా అధ్వానం. మూడోది అసలు అంటుకోలేదు.

అన్నీ ఆపేసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని గ్రిల్‌ను ఎగాదిగా చూసింది.

"గ్యాస్ అయిపోయిందేమో" అన్నాడు మాల్యాద్రి.

ఒక చెంబుడు వేడినీళ్లు సిలిండర్ పక్కనుంచి పోసి, చేత్తో పైనుంచి కిందికి తడిమింది. పైన వెచ్చగా ఉంది. భుజం దిగగానే చల్లగా తగిలింది. చల్లగా ఉన్నంత మేరా లోపల గ్యాస్ ఉన్నట్టే.

"నిండుగా ఉంది."

"అయితే రెగ్యులేటర్." అతను చెప్పడమే కాదు, వెళ్లి వంటింటి సిలిండర్‌కున్న రెగ్యులేటర్ పీకి తెచ్చాడు. పాతది ఊడదీసి, పైపు గుంజి, ఇది బిగించాడు. మళ్లీ వెలిగించారు. అదే పచ్చమంట, అవే నాలుగు బొక్కలు.

పైపు ఎక్కడైనా నలిగిందేమోనని వేళ్లతో వత్తుకుంటూ పోయింది స్వర్ణలత. ఎక్కడా నలగలేదు. నిన్న పని చేసింది, రాత్రి ఎవరూ ముట్టుకోలేదు, ఇవాళ పని చెయ్యడం లేదు. అంటే మధ్యలో ఏదో జరిగింది.

మాల్యాద్రి బుర్రలో అదే ఆలోచన ఇంకో దారిన పోయింది. కళ్లు ఎర్రబడ్డాయి.

"సుబ్బన్న" అన్నాడు.

"ఏం సుబ్బన్న?"

"పొద్దున వచ్చినాడు. నేను మందను దొడ్లోంచి వదుల్తా ఉంటే మన వసారాలోంచి బయటికి పోతా కనబడినాడు. ఏంది బావా అంటే, ఊరికే ఇట్లొచ్చినా అన్నాడు. గిద్దలూరు నుంచి ఊరికే ఎవడొస్తాడు మే?"

సుబ్బన్నకు కారణం ఉంది. అవకాశమూ ఉంది. ఈ గ్రిల్ వెలక్కపోతే కౌంటర్ అతనిదే.

"పొద్దున్నుంచి ఇట్లనే ఉంది" మాల్యాద్రి బండి తాళం కోసం జేబులు తడుముకుంటూ గొణిగాడు. "పాలు లేని టీ తాగినప్పుడే అనుకున్నా, ఈ దినం బాగలేదని."

గడప దగ్గర కూర్చుని వక్కలు కత్తిరిస్తున్న అతని తల్లి శ్రీశైలమ్మ తలెత్తలేదు. "గేదె తన్నింది అన్నా కదరా" అంది.

"పోతా ఉండా. వాణ్ణి ఈడికి లాక్కొస్తా. ఏం చేసినాడో వాడి నోటితోనే చెప్పిస్తా." బైకు దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగింది.

ఇక మిగిలింది అత్తా కోడలూ, మూగ గ్రిల్లూ.

స్వర్ణలత గ్రిల్ మీదికి వంగింది. వేడెక్కిన ఆ కాసేపట్లో ఒక వాసన లేచింది. నూనె మాడిన వాసన కాదు, రబ్బరు కాలిన వాసనా కాదు. ఇంకోసారి పీల్చింది. కమ్మగా, తియ్యగా ఉంది. కోవా అడుగంటితే వచ్చే వాసన.

మాంసం కాల్చే గ్రిల్‌లో కోవా వాసనేంటి?

చల్లారాక పైనున్న ఇనుప జాలీలు తీసి పక్కన పెట్టింది. వాటి కింద బర్నర్లను కప్పే రేకులు ఉంటాయి. అవీ ఎత్తింది. బర్నర్ గొట్టాల మీద నల్లటి పెచ్చు కట్టింది. బొక్కలన్నీ దాని కిందే. లైటర్ నిప్పురవ్వ పుట్టే సన్నటి మొనకు కూడా అదే పెచ్చు. గోరుతో గీరింది. నలుపు కింద గోధుమరంగు, దాని కింద మీగడ.

పైనేమో గ్రిల్ అద్దంలా మెరుస్తోంది. ఎవరో శ్రద్ధగా, ముద్దుగా తుడిచిపెట్టారు.

స్వర్ణలత నెమ్మదిగా గడప వైపు తిరిగింది.

"అత్తా."

"ఊఁ."

"గేదె ఏ కాలితో తన్నింది?"

వక్కలకత్తెర ఆగింది.

"ఎనక కాలితో."

"ఎన్ని పాలు పోయినాయి?"

"అన్నీ పోయినాయి అంటిగదమ్మాయ్."

"యాడ పోయినాయి? దొడ్లో చుక్క తడి లేదు. చీమ కూడా లేదు."

శ్రీశైలమ్మ వక్కపలుకు నోట్లో వేసుకుంది. నమిలింది. మింగింది. ఇంక దాచి లాభం లేదనుకుందో, దాచుకోలేకపోయిందో, మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

"అబ్బ, చూసుంటే తెలిసేది మ్మే! తెల్లారకముందే లేసి, తానం చేసి, ఇత్తడి గిన్నె నిండా పాలు పోసి దాని మీద పెట్టినా. కొత్త పొయ్యి మీద పాలు పొంగించకుండా మాంసం ఎక్కిస్తారా ఎవరైనా? నిన్ను అడిగితే మిషన్ అత్తా, ముట్టుకోవద్దు అంటావు. అందుకే అడగలా. మూడు నాబులూ తిప్పినా. ఏం పొంగు! తూర్పుకు మొదలయి మూడు పక్కలా పొంగింది. నేను కాపురానికొచ్చినప్పుడు సైతం ఈ ఇంట్లో అట్ల పొంగలా!"

"గిన్నె దించలేదా?"

"దించుతారా ఎవరైనా? ఎంత పొంగితే అంత మంచిది. చెంబుతో ఇంకో అర్ధసేరు పోసినా."

స్వర్ణలత తల పట్టుకుని చప్టా మీద కూలబడింది. మామూలు పొయ్యి మీద పొంగిన పాలు పళ్లెంలోకి జారతాయి, తుడిస్తే పోతాయి. దీనికి బర్నర్లే పళ్లెం. పొంగిన ప్రతి చుక్కా రేకుల సందుల్లోంచి సూటిగా బొక్కల్లోకి దిగి అక్కడే మాడి గట్టిపడింది. నేరం చేసిన చేతులకు పసుపు ఇంకా వదల్లేదు.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నవ్వే ముందొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏందమ్మాయ్, నవ్వుతావు?" అత్త అనుమానంగా చూసింది.

"నీ కొడుకు సుబ్బన్న మీదికి పోయినాడు అత్తా."

"అయ్యో! వాడు ఏం చేసినాడని?"

అప్పుడే బైకు వచ్చి ఆగింది. వెనక సీటు మీద సుబ్బన్న, చొక్కా కాలర్ ఒక పక్కకు జరిగి ఉంది. పొట్టి మనిషి. కోపం మాత్రం పొడుగు.

"ఏంది చెల్లా ఇది? బండి మీద శెనగపిండి కలుపుతా ఉంటే కాలర్ పట్టుకుని ఎక్కించినాడు. ఆ చేతులు కడుక్కోను కూడా ఇయ్యలా!" పిండి అంటుకున్న రెండు చేతులూ ఎత్తి చూపించాడు.

"ఒప్పుకోరా!" మాల్యాద్రి గర్జించాడు. "మా గ్రిల్‌లో ఏం పోసినావు?"

"నేనా? నేను దాన్ని ముట్టుకోనే లేదు!"

"మరి పొద్దున వసారాలో ఏం పని?"

సుబ్బన్న మొహం మాడిపోయింది. చూపు నేల మీదికి దిగింది. మాల్యాద్రి ఒక అడుగు ముందుకేశాడు. స్వర్ణలత నోరు తెరవబోయి ఆగింది. ఈ సమాధానం తనకూ వినాలని ఉంది.

"చెల్లా, నీ మసాలా గిన్నె మూత తీసి చూసినా" సుబ్బన్న సన్నగా అన్నాడు.

"చూసి?"

"వాసన చూసినా."

"వాసనేనా?"

"ఒక్క వేలు పెట్టినా" అన్నాడు. ఆ తర్వాత ఇంకా సన్నగా, "రెండు సార్లు."

"దొంగనాయాలా!" శ్రీశైలమ్మ గడప మీంచే కేకేసింది. "ఎంగిలి చేసినావా!"

"నువ్వు ఊరుకో అత్తా" స్వర్ణలత నవ్వు ఆపుకుంటూ అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఆయన్ని వదులు. గ్రిల్ మీద చెయ్యి వేసింది మీ అమ్మ. పాలు పొంగించింది."

మాల్యాద్రి తల్లిని చూశాడు, బర్నర్లను చూశాడు, సుబ్బన్న కాలర్‌ను చూశాడు. ఆ కాలర్‌ను తనే సర్ది, ఇస్త్రీ చేసినట్టు అరచేత్తో రెండుసార్లు రాశాడు. "మజ్జిగ తాగుతావా బావా?" అన్నాడు.

సుబ్బన్న మజ్జిగ తాగాడు. తాగుతూ విప్పి ఉన్న గ్రిల్ లోపలికి తొంగిచూశాడు. మూతి తుడుచుకునేసరికి వ్యాపారి మొహం పెట్టాడు.

"ఇది ఇప్పట్లో తేలేది కాదు చెల్లా. మూడు దాటింది. ఆయన ఐదింటికే వస్తాడు. నా బొగ్గుల పొయ్యి ఉంది. గంటలో తెప్పిస్తా. దాని మీద కాల్చి పెట్టు." ఒక్క క్షణం ఆగాడు. "కౌంటర్ వస్తే చెరి సగం."

మాల్యాద్రి పెళ్లాం వైపు చూశాడు. సగమైనా మంచిదే కదా అని అతని కళ్లు అడుగుతున్నాయి. సగమైనా వచ్చే వారం నడక తప్పుతుంది.

స్వర్ణలత కూడా అదే లెక్క వేసుకుంది. కానీ ఆయన చూడ్డానికి వస్తున్నది ఈ గ్రిల్‌ను. పక్కవాడి పొయ్యి మీద వండి ఇది నాదే అని చెప్పాలి. రేపు హోటల్ ముందు బస్సు ఆగినప్పుడు ఏం చెప్తుంది?

"వద్దులే అన్నా" అంది. "స్పానర్ తే" అంది మొగుడితో. "అత్తా, నీకు వీధిలో ఎంతమంది మాట వింటారు?"

"ఎందుకు?"

"నువ్వు పొంగించిన పాలు నువ్వే తియ్యాల. పిన్నీసులు ఉన్నోళ్లందర్నీ పిలుచుకురా."

శ్రీశైలమ్మకు అంతకంటే ఏం కావాలి? కొంగు బిగించి వీధిలోకి దూకింది. కాసేపటికి వీరమ్మ వచ్చింది. రంగనాయకమ్మ వచ్చింది. పొదిలి నుంచి పుట్టింటికి వచ్చిన ఆమె కూతురు శిల్ప వచ్చింది. పిన్నీసు లేని ఆడది ఆ వీధిలో లేదు. కొంగుకొకటి, గాజులకు రెండు.

ఈలోగా సిలిండర్ వాల్వ్ కట్టేసి, రెగ్యులేటర్ తీసి పక్కన పెట్టి, మూడు బర్నర్లనూ విప్పి మంచం మీద పరిచింది స్వర్ణలత. ముందు వేడినీళ్లలో ముంచి పెచ్చు మెత్తబరిచింది. ఇనుప బ్రష్‌తో పొడుగునా రుద్దింది. తర్వాత ఒక్కో బర్నర్ చుట్టూ ఇద్దరిద్దరు ఆడవాళ్లను కూర్చోబెట్టింది.

"బొక్క పెద్దది చెయ్యొద్దు. లోపలున్నది బయటికి రావాల, అంతే. పిన్నీసు తిప్పొద్దు, పొడిచి తియ్యండి."

పొడవడం మొదలైంది. పిన్నీసుల కంటే నోళ్లు వేగంగా ఆడాయి.

"ఏం పాలు పొంగించినావు శ్రీశైలమ్మా, కోవా బిళ్లలే వస్తా ఉండాయి" అంది వీరమ్మ.

"తిను మరి, ఊరికే వస్తా ఉంటే" అంది శ్రీశైలమ్మ తన బర్నర్ మీంచి కన్నెత్తకుండా.

"మా అత్త కూడా కొత్త మిక్సీకి పసుపు రాసి లోపల కుంకం పోసింది పెద్దమ్మా" శిల్ప అందుకుంది. "మొదటి చట్నీ ఎర్రగా వచ్చింది."

సుబ్బన్న వెళ్లిపోలేదు. తను గెలుస్తాడో లేదో చూడాలని చప్టా అంచున కూర్చున్నాడు. పిండి చేతులు ఎప్పుడో కడుక్కున్నాడు. కాసేపటికి ఊరికే కూర్చోలేక చెయ్యి చాపాడు. "ఆ పిన్నీసు ఇట్ల తే. అట్ల పొడిస్తే పెచ్చు లోపలికి పోద్ది. గొట్టం తలకిందులుగా పట్టుకోవాల" అన్నాడు.

"నీ వేలు దూరంగా పెట్టు" అంది శ్రీశైలమ్మ. కానీ గొట్టం తలకిందులు చేసింది.

నాలుగు గంటలకు బొక్కలన్నీ తెరుచుకున్నాయి. గొట్టాలు కడిగి, విదిలించి, ఎండలో నాపరాళ్ల మీద పెట్టింది స్వర్ణలత. ఏప్రిల్ ఎండ. తడి చూస్తుండగానే ఎగిరిపోయింది. ఆమె గరుకు కాగితంతో లైటర్ మొనను రుద్దుతూ ఉండగా వీధి చివర కారు హారన్ మోగింది.

టైము నాలుగుంబావు. వినయ్ కుమార్ ముప్పావు గంట ముందే వచ్చేశాడు.

కారు దిగి చూసిన మనిషికి కనబడింది ఇది. పొట్ట విప్పుకుని ఉన్న గ్రిల్. ఎండలో ఆరుతున్న ఇనుప గొట్టాలు. చేతుల్లో పిన్నీసులతో ఆడమంద. మధ్యలో పోటీదారు సుబ్బన్న.

"కొమరోలులో పని తొందరగా అయిపోయింది, ఇట్లనే వచ్చేసినా" అన్నాడు వినయ్ కుమార్. తర్వాత కళ్లద్దాలు తీశాడు. "ఇదేంది చెల్లెమ్మా? గ్రిల్ చెడిపోయిందా?"

మాల్యాద్రి ఏదో అనబోయాడు. సర్వీసింగ్ అనో, ఆయిలింగ్ అనో. స్వర్ణలత అతని మాట పడనివ్వలేదు.

"చెడిపోలేదన్నా. మా అత్త దీని మీద పాలు పొంగించింది. బొక్కలు మూసుకుపోయినాయి. తీసి శుభ్రం చేసినాం. బిగించేదొక్కటే మిగిలింది."

శ్రీశైలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వినయ్ కుమార్ నవ్వలేదు. వాచీ చూసుకున్నాడు. కుర్చీ లాక్కుని గ్రిల్‌కు ఎదురుగా కూర్చున్నాడు.

"బిగించు. చూస్తా."

అప్పుడు మొదలైంది అసలు పరీక్ష. సుబ్బన్న కూడా చప్టా అంచు మీంచి ముందుకు జరిగాడు.

మొదటి బర్నర్ దించింది. గొట్టం మూతి నాబ్ వెనకున్న సన్నటి నాజిల్ మీదికి సరిగ్గా కూర్చోవాలి. పక్కకు జరిగితే గ్యాస్ బర్నర్‌లోకి కాక నాబ్ కిందికి పోయి అక్కడే అంటుకుంటుంది. రెండోదాన్ని మాల్యాద్రి దించాడు. స్వర్ణలత టార్చ్ వేసి చూసింది. తల అడ్డంగా ఊపింది. మూతి నాజిల్ పక్కన ఉంది. మళ్లీ తీయించి పెట్టించింది. మూడోది తనే పెట్టింది. స్క్రూలు బిగించింది. రేకులు, జాలీలు పెట్టింది. రెగ్యులేటర్ తగిలించింది.

"ఇంక వెలిగించొచ్చు కదా?" అన్నాడు వినయ్ కుమార్.

"ఒక్క నిమిషం అన్నా."

చిన్న గిన్నెలో సబ్బునురుగు కలిపింది. నాబులన్నీ మూసి ఉంచి, సిలిండర్ తెరిచి, బ్రష్‌తో ఆ నురుగును పైపు పొడవునా, అతుకుల మీదా పూసింది. గ్రిల్ వైపు అతుకు బాగుంది. పైపు మధ్యలో బాగుంది. రెగ్యులేటర్ దగ్గరికి వచ్చింది.

అక్కడ ఒక బుడగ లేచింది. పెరిగింది. పగిలింది. దాని వెనకే ఇంకొకటి.

వీరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. వినయ్ కుమార్ కుర్చీ కాళ్లు కిర్రుమన్నాయి. మాల్యాద్రి నాలుక కరుచుకున్నాడు. మధ్యాహ్నం తొందరలో పైపు గుంజి రెగ్యులేటర్ మార్చింది తనే. క్లిప్పు బిగించడం మరిచిందీ తనే.

స్వర్ణలత సిలిండర్ కట్టేసింది. పైపు ఇంకాస్త లోపలికి తోసి క్లిప్పు స్క్రూ రెండు చుట్లు తిప్పింది. గాలికి వాసన పోయేదాకా అందర్నీ దూరంగా నిలబెట్టింది. మళ్లీ తెరిచి, మళ్లీ నురుగు పూసింది.

బుడగ రాలేదు.

మూత పూర్తిగా ఎత్తింది. మొదటి నాబ్ తిప్పి బటన్ మీద బొటనవేలు పెట్టింది. వీధి వీధంతా ఆ వేలి వంకే చూస్తోంది.

టిక్. టిక్. భగ్!

ఈ చివర నుంచి ఆ చివరకు నీలం మంట ఒక్క పరుగున పాకింది. ఒక్క బొక్క వదల్లేదు. రెండో నాబ్, మూడో నాబ్. మూడు వరసలూ వెలిగాయి. ఆడవాళ్లు పిన్నీసులతో సహా చప్పట్లు కొట్టారు. ఎవరికో గుచ్చుకుని కేక కూడా వినబడింది. మాల్యాద్రి నిన్నటికంటే పొడుగ్గా ఈల వేశాడు. దొడ్లో గొర్రెలు బదులు పలికాయి.

జాలీ వేడెక్కాక పొట్టేలు ముక్కలు పరిచింది స్వర్ణలత. చుయ్‌మని పొగ లేచింది. మిరియాలు, ధనియాలు, వెల్లుల్లి, కొవ్వు కాలే వాసన కలిసి వీధిలోకి నడిచాయి. కుక్కలు వచ్చాయి. పిలవని మొగాళ్లు వచ్చారు.

మొదటి పళ్లెం వినయ్ కుమార్ చేతికిచ్చింది. అతను ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. రెండోది తిన్నాడు. మూడోదానికి కళ్లు మూసుకున్నాడు.

"ఎట్లుందన్నా?" ఆమెకు ఆగే ఓపిక అయిపోయింది.

"సుబ్బన్న కబాబు కూడా బాగుంటుంది చెల్లెమ్మా" అన్నాడతను. సుబ్బన్న నిటారుగా కూర్చున్నాడు. "రుచిలో ఇద్దర్నీ తూచలేను. కానీ పోయిన నెల మా హోటల్లో పెద్ద పొయ్యి ఆగిపోయింది. మార్కాపురం నుంచి మెకానిక్ వచ్చేసరికి రెండు బస్సులోళ్లు టీ కూడా తాగకుండా పోయినారు. నా వంటమాస్టర్ నలుగురికి ఫోన్ చేసి చేతులు కట్టుకుని నిలబడినాడు. నువ్వు నా కళ్ల ముందర మొత్తం బిగించినావు. నేను తొందరపెట్టినా సబ్బునురుగు పూసి చూసినావు. పూసినావు కాబట్టే బుడగ కనబడింది." నాలుగో ముక్క అందుకున్నాడు. "కౌంటర్ నీది."

శ్రీశైలమ్మ పెట్టిన కేకకు కుక్కలు చెదిరిపోయాయి. వీరమ్మ, రంగనాయకమ్మ ఆమెను చెరోపక్కా పట్టుకుని ఊపేశారు. సుబ్బన్న నిట్టూర్చి, లేచి, నేరుగా గ్రిల్ దగ్గరికి నడిచాడు.

"ఓడిపోయినోడికి పళ్లెం లేదా చెల్లా?"

"నీకు లేకుండానా అన్నా? కూర్చో. ఈసారి ఐదు వేళ్లతో తిను."

వినయ్ కుమార్ ఫోన్ తీసి గిద్దలూరులో బోర్డులు రాసేవాడికి కలిపాడు. "పేరేం రాయించమంటావు?"

ఆమె అంతదూరం ఆలోచించలేదు. మాల్యాద్రి గొంతు సవరించుకున్నాడు.

"నీ పేరు వద్దురా" తల్లి అడ్డుపడింది. "నీ పేరు చూస్తే గొర్రెలు తప్ప ఎవరూ రారు."

"స్వర్ణలత అని రాయించన్నా" అందామె. "పెద్ద అక్షరాలతో."

"వట్టి స్వర్ణలతేనా? ముందూ వెనకా ఏం వద్దా?"

"వట్టిదే చాలు."

చప్టా అవతల మాల్యాద్రి కూడా ఫోన్ పట్టుకున్నాడు. ప్రతి ఏటా తనతో పాటు మందలు తోలే రమణకు చేశాడు. అరిస్తే తప్ప ఫోన్ వినబడదని అతని నమ్మకం.

"రమణా! ఈ తూరి మీరు పోండిరా! నేను రావటంలా! ఆఁ? ఒంట్లో బాగనే ఉంది! పని దొరికింది! ఏం పనా?" అంటూ పెళ్లాం వైపు తిరిగాడు. "ఏం పని మే నాకు?"

"ముందు ఆ రెండో గిన్నె పట్టుకురా!" అని కేకేసింది స్వర్ణలత, ముక్కలు తిప్పుతూ. "వీధంతా ఆకలితో నిలబడి ఉంటే ఫోన్ ఏంది?"

మాల్యాద్రి ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని మసాలా గిన్నె కోసం పరిగెత్తాడు. అవతల రమణ ఏదో అడుగుతూనే ఉన్నాడు.